ముద్ద ఛాతీలో ఆగిపోతోంది, మొదటి ఎండోస్కోపీలో ఏమీ లేదన్నారు: ఇసినోఫిలిక్ ఈసోఫేజైటిస్‌ను వైద్యులు ఎలా గుర్తిస్తారు?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మా తమ్ముడికి 29 ఏళ్లు. చిన్నతనం నుంచి ఉబ్బసం, ఎడతెగని తుమ్ములు ఉన్న మనిషి. చాలా కాలంగా తినేటప్పుడు ముద్ద ఛాతీ మధ్యలో ఆగిపోయి, నీళ్లు తాగితే గానీ కిందికి దిగేది కాదు. ద్రవపదార్థాలతో ఏ ఇబ్బందీ లేదు, గట్టి పదార్థాలతోనే ఈ బాధ. కొన్నేళ్ల క్రితం ఒక ఆసుపత్రిలో ఎండోస్కోపీ చేసి, అన్నవాహిక బాగానే ఉందని, ఇదంతా ఎసిడిటీ వల్లనేనని చెప్పి పాంటోప్రజోల్ మాత్రలు రాశారు. అప్పుడు బయాప్సీ తీయలేదు.

ఇటీవల మాంసం ముక్క అడ్డుపడి, ఉమ్మి కూడా మింగలేని స్థితిలో అతన్ని అత్యవసర విభాగానికి తీసుకువెళ్లవలసి వచ్చింది. అక్కడి వైద్యురాలు ఎండోస్కోపీ ద్వారా ఆ ముక్కను తొలగించి, అదే సమయంలో అన్నవాహిక లోపలి పొర నుంచి ఆరు చిన్న ముక్కలు తీసి పరీక్షకు పంపారు. ఒక హై పవర్ ఫీల్డ్‌లో, అంటే మైక్రోస్కోపులో బాగా పెద్దది చేసినప్పుడు ఒకేసారి కనిపించే చోట, గరిష్ఠంగా 38 ఇసినోఫిల్స్ (ఎలర్జీలో పాల్గొనే ఒక రకం తెల్ల రక్తకణాలు) ఉన్నాయని, ఇసినోఫిలిక్ ఈసోఫేజైటిస్‌కు, అంటే ఆ కణాలు పోగుపడి అన్నవాహికకు వచ్చే వాపుకు, సరిపోయే లక్షణాలని నివేదిక వచ్చింది.

నాకు అర్థం కానివి ఇవి. చూడటానికి బాగానే ఉందన్న అన్నవాహికలో ఇంత జబ్బు ఎలా ఉంటుంది? కణాలను లెక్కపెట్టి ఒక జబ్బుకు పేరు పెట్టడం ఎంతవరకు నమ్మదగినది? రక్తపరీక్షలో ఇసినోఫిల్స్ మామూలుగానే ఉన్నాయి కదా, మరి అన్నవాహికలో ఎక్కడి నుంచి వచ్చాయి? ఇది ఎలర్జీకి సంబంధించిన జబ్బు అంటూనే మళ్లీ ఎసిడిటీ మాత్రలే ఎక్కువ మోతాదులో ఎందుకు రాశారు? తెలిసినవారు కాస్త వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు: గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యుడు

నమస్కారం. మీరు రాసిన తీరు చూస్తే మీ తమ్ముడి చరిత్ర ఈ జబ్బుకు దాదాపు పాఠ్యపుస్తకంలోని వర్ణనలాగే ఉంది: యువకుడు, ఉబ్బసం, గట్టి పదార్థాలు మాత్రమే ఆగిపోవడం, చివరికి ముక్క ఇరుక్కుపోవడం. స్త్రీలతో పోలిస్తే పురుషుల్లో ఇది సుమారు మూడు రెట్లు ఎక్కువ. బాధితుల్లో ఎక్కువ మందికి ఉబ్బసమో, ముక్కు ఎలర్జీయో, ఎగ్జిమానో, ఏదైనా ఆహార ఎలర్జీయో తోడుగా ఉంటుంది. అయినా ఏళ్ల తరబడి బయటపడకపోవడానికి కారణాలున్నాయి.

మొదటి కారణం చారిత్రకమైనది. అన్నవాహిక పొరలో ఇసినోఫిల్స్ కనిపిస్తే అది ఆమ్లం పైకి తన్నడం వల్ల వచ్చిన వాపు అని 1980లలో వైద్యులు నేర్చుకున్నారు. మింగడంలో ఇబ్బంది, పొరలో విపరీతంగా ఇసినోఫిల్స్ ఉండి, ఆమ్లం పరీక్ష మాత్రం మామూలుగా ఉన్న పెద్దవారిని స్టీఫెన్ అట్‌వుడ్ బృందం 1993లో, అలెక్స్ స్ట్రావ్‌మన్ బృందం 1994లో విడివిడిగా వర్ణించిన తరువాతనే ఇది వేరే జబ్బు అన్న ఆలోచన బలపడింది. నిర్ధారణకు తొలి ఏకాభిప్రాయ మార్గదర్శకాలు 2007లో గానీ రాలేదు. అంటే వైద్యశాస్త్రంలో ఇది ఇంకా కొత్త జబ్బే.

రెండో కారణం రోగి చెప్పే మాటల్లో ఉంటుంది. "మింగడంలో ఇబ్బంది ఉందా?" అని అడిగితే చాలామంది లేదనే అంటారు. అబద్ధం కాదు, ఏళ్లుగా తమకు తెలియకుండానే తినే పద్ధతి మార్చుకున్నారు కాబట్టి వారికి అది ఇబ్బందిగా తోచదు. అందువల్ల నేను ఆ ప్రశ్నతో ఆగను. నలుగురితో కలిసి కూర్చుంటే అందరికంటే చివర లేచేది ఎవరు, ప్రతి ముద్దకూ ఒక గుక్క నీళ్లు తాగుతారా, ముక్కలను మరీ చిన్నగా చేసుకుంటారా, నమిలి నమిలి గుజ్జు అయ్యాక గానీ మింగరా, మాంసం, రొట్టె వంటివి ఇష్టం లేదని మానేశారా లేక దిగవని మానేశారా, పెద్ద మాత్రలు మింగాల్సి వస్తే ఏం చేస్తారు, అని ఒక్కొక్కటిగా అడుగుతాను. పక్కన భార్యో తల్లో ఉంటే వారినీ అడుగుతాను, ఎందుకంటే అసలు జవాబు చాలాసార్లు వారి నుంచే వస్తుంది. ఇలా అడిగినప్పుడు, అంతవరకు ఏ ఇబ్బందీ లేదన్న మనిషి నోట పదేళ్ల చరిత్ర బయటికి రావడం అరుదేమీ కాదు.

ఇక ఎండోస్కోపీ. ఈ జబ్బులో మేము వెతికే గుర్తులు ఐదు. పొర కింద ఉండే సన్నని రక్తనాళాలు మామూలుగా స్పష్టంగా కనిపించాలి. వాపు వస్తే అవి మసకబారి, పొర పాలిపోయినట్లు ఉంటుంది. నిలువుగా గీతలు గీసినట్లు గాడులు పడతాయి. తెల్లని చుక్కలు, పొరకు అంటుకున్న మీగడ తునకల్లా కనిపిస్తాయి. అడ్డంగా ఉంగరాల్లాంటి వలయాలు ఏర్పడతాయి. చివరికి గొట్టం ఒకచోటనో పొడవునా అంతటానో ఇరుకవుతుంది. వీటిలో మొదటి మూడు వాపు రగులుతోందని చెప్పే గుర్తులు. చివరి రెండు వాపు చాలా కాలం ఉండి గోడ గట్టిపడిందని చెప్పేవి. ఈ ఐదింటినీ తీవ్రతను బట్టి అంకెల్లో నమోదు చేసే ఎరెఫ్స్ అనే కొలమానం 2013లో వచ్చింది. నివేదికలో ఆ అంకెలు రాస్తే తరువాతి ఎండోస్కోపీతో పోల్చడానికి వీలవుతుంది కాబట్టి, రాయమని అడగడం మీ హక్కు.

అయితే ఈ గుర్తులు తేలికగా తప్పిపోతాయి. అన్నవాహికను గాలితో పూర్తిగా ఉబ్బించి, నెమ్మదిగా వెనక్కి తీసుకుంటూ చూడకపోతే సన్నని వలయాలు, గాడులు కనబడవు. ఇరుకు సంగతి ఇంకా చిత్రమైనది. మామూలు ఎండోస్కోపు మందం సుమారు 9 నుంచి 10 మిల్లీమీటర్లు. అన్నవాహిక వెడల్పు సుమారు 13 మిల్లీమీటర్ల కంటే తగ్గితే గట్టి పదార్థాలు ఆగడం మొదలవుతుంది. అంటే 11 మిల్లీమీటర్లకు కుదించుకుపోయిన గొట్టంలో నుంచి కూడా ఎండోస్కోపు ఏ అడ్డంకీ లేకుండా పొట్టలోకి వెళ్లిపోతుంది, చూసేవారికి ఇరుకుందన్న అనుమానమే రాదు. పైనుంచి కిందిదాకా ఒకే తీరుగా సన్నబడిన అన్నవాహికలో పోల్చుకోవడానికి పక్కన వెడల్పైన భాగం కూడా ఉండదు. ఇలాంటి చోట బేరియం మింగించి తీసే ఎక్స్‌రే ఎండోస్కోపీ కంటే బాగా పట్టిస్తుంది. జబ్బును నిర్ధారించడానికి బేరియం చాలదు గానీ, ఇరుకును కొలవడానికి పనికివస్తుంది.

ఇంకొకటి, నిజంగానే ఏ గుర్తూ లేకుండా, పొర నున్నగా మామూలుగా ఉన్నవారు కూడా కొందరుంటారు. అందుకే నియమం ఒక్కటే: మింగడంలో ఇబ్బంది అని వచ్చిన మనిషికి అన్నవాహిక బాగానే కనిపించినా సరే, బయాప్సీ తీసే బయటికి రావాలి. మీ తమ్ముడికి మొదటిసారి జరగనిది ఇదే. అప్పుడు జబ్బు లేదని ఎవరూ రుజువు చేయలేదు, వెతకలేదు అంతే.

బయాప్సీ కూడా ఒకటో రెండో ముక్కలతో సరిపోదు. ఈ కణాలు పొరంతా సమానంగా పరచుకుని ఉండవు; ఒకచోట గుంపుగా ఉండి, రెండు సెంటీమీటర్ల అవతల ఒక్కటీ ఉండకపోవచ్చు. అందువల్ల కనీసం ఆరు ముక్కలు, కనీసం రెండు ఎత్తుల నుంచి, అంటే అడుగు భాగం నుంచి కొన్ని, మధ్య లేదా పై భాగం నుంచి కొన్ని, గాడులు, తెల్లచుక్కలు ఉన్నచోట ప్రత్యేకంగా గురిపెట్టి తీయాలి. ముక్క తీసేటప్పుడు చేతికి తెలిసే గుర్తు కూడా ఒకటుంది. మామూలు పొర ఫోర్సెప్స్‌తో పట్టి లాగగానే తెగి వస్తుంది. ఈ జబ్బులో పొర గట్టిగా ఎదురు లాగుతుంది, గోడ మొత్తం గుడారంలా ఫోర్సెప్స్ వెంట వస్తుంది. ఆ లాగుడు చేతికి తగిలినప్పుడు ఫలితం రాకముందే అనుమానం సగం తీరుతుంది.

అత్యవసరంగా ముక్కను తీసినప్పుడే బయాప్సీ తీసిన ఆ వైద్యురాలిని మెచ్చుకోవాలి. ఆహారం ఇరుక్కుని ఎండోస్కోపీ వరకు వెళ్లే పెద్దవారిలో అతి సాధారణ కారణాల్లో ఈ జబ్బు ఒకటి. అడ్డంకి తీసేసి, "తరువాత కలవండి" అని పంపేస్తే, బాధ తగ్గిన మనిషి మళ్లీ రాడు.

జవాబు: పాథాలజిస్టు

పై వైద్యుల వివరణకు నా వైపు నుంచి కొంత చేరుస్తాను, ఎందుకంటే లెక్క గురించి మీరు అడిగిన ప్రశ్న చాలా సరైనది.

పేగుల్లో ఇసినోఫిల్స్ ఉండటం సహజమే, ఆరోగ్యవంతుల అన్నవాహిక పొరలో మాత్రం అవి ఉండవు. మైక్రోస్కోపు కింద వీటిని గుర్తుపట్టడం కష్టం కాదు: రెండు తమ్మెలున్న కేంద్రకం, చుట్టూ ఇయోసిన్ రంగు పట్టి ఎర్రగా మెరిసే రేణువులు. పంపిన ముక్కలన్నింటినీ ముందు తక్కువ రెట్లు పెద్దది చేసి చూసి, ఎక్కడ ఎక్కువ గుంపుగా ఉన్నాయో ఆ చోటును ఎంచుకుని, అక్కడ 400 రెట్లు పెద్దది చేసి, మైక్రోస్కోపులో కనిపించే ఒక గుండ్రటి వలయంలోని (హై పవర్ ఫీల్డ్) కణాలను లెక్కిస్తాం. మీ నివేదికలోని 38 అటువంటి గరిష్ఠ సంఖ్య, సగటు కాదు. 15 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే జబ్బుకు కావలసిన హద్దు దాటినట్లు. అయితే ఒక్కో మైక్రోస్కోపులో ఆ వలయం వైశాల్యం ఒక్కో రకంగా ఉంటుంది కాబట్టి, చదరపు మిల్లీమీటరుకు సుమారు 60 కణాలు అని చెప్పడం మరింత కచ్చితం. 14 వచ్చిన మనిషికి జబ్బు లేదని, 16 వచ్చిన మనిషికి ఉందని ఈ అంకెను గీత గీసినట్లు వాడకూడదు.

అందుకే లెక్కతో పాటు పొర తీరును కూడా చూస్తాం. అడుగున ఉండే పునాది కణాల వరుస మామూలుగా పలచగా ఉండాలి. ఈ జబ్బులో అది మందమై సగానికి పైగా ఆక్రమించడం కూడా చూస్తాం. కణాలకూ కణాలకూ మధ్య సందులు వెడల్పవుతాయి. ఇసినోఫిల్స్ పైవరుసలో బారులు తీరడం, నాలుగు అంతకంటే ఎక్కువ కలిసి గుంపు కట్టడం, వాటి రేణువులు బయటికి చిమ్మి ఉండటం ఉంటాయి. ఎండోస్కోపీలో తెల్లచుక్కలుగా కనిపించేవి ఈ గుంపులే. వాటిని చూసి ఫంగస్ అని పొరబడి ఫంగస్ మందు రాసిన సందర్భాలు ఉన్నాయి. రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చు కూడా, కాబట్టి ప్రత్యేక రంగుతో ఫంగస్ లేదని తేల్చుకోవడం మంచిది. పొర కింది కణజాలం ముక్కలో వస్తే అది నారలా గట్టిపడిందో లేదో చెప్పగలం, కానీ చాలా ముక్కల్లో ఆ లోతు రాదు.

ఇంత చూసినా, నా నివేదిక ఒక్కటే జబ్బుకు పేరు పెట్టజాలదు. అందుకే అందులో "సరిపోయే లక్షణాలు" అని రాస్తాం. ఆమ్లం పైకి తన్నే జబ్బులో కూడా, ముఖ్యంగా అన్నవాహిక అడుగు భాగంలో, ఇసినోఫిల్స్ పెరగవచ్చు. పేగుల ఇసినోఫిలిక్ జబ్బులు, క్రోన్స్ జబ్బు (పేగుల్లో వచ్చే దీర్ఘకాలిక వాపు), అకలేషియా (అన్నవాహిక కింది కవాటం సరిగా తెరుచుకోని జబ్బు), ఫంగస్ లేదా వైరస్ సోకడం, కొన్ని మందులు పడకపోవడం, రక్తంలోనే ఇసినోఫిల్స్ విపరీతంగా పెరిగే జబ్బులు, కొన్ని కణజాల వ్యాధులు కూడా అదే దృశ్యాన్ని చూపగలవు. వీటిని తోసిపుచ్చవలసింది రోగిని ఎదురుగా చూస్తున్న వైద్యులు. కాబట్టి బయాప్సీ పంపే కాగితంలో ఏ ఎత్తు నుంచి ఏ ముక్క తీశారు, రోగి ఏ మందులు వాడుతున్నారు అనేది రాసి పంపితే మాకు ఎంతో మేలు. పై భాగపు ముక్కలు, అడుగు భాగపు ముక్కలు వేర్వేరు సీసాల్లో వస్తే, ఇసినోఫిల్స్ అడుగున మాత్రమే ఉన్నాయా, పైదాకా ఉన్నాయా అన్నది తెలుస్తుంది. పైదాకా ఉంటే ఒక్క ఆమ్లమే కారణమనడం కష్టమవుతుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ఎంతో కృతజ్ఞతలు. నివేదిక మళ్లీ చూశాను. అడుగు భాగం నుంచి మూడు ముక్కలు, మధ్య భాగం నుంచి మూడు ముక్కలు అని ఉంది. మధ్య భాగంలోనే 38 వచ్చింది. ఎండోస్కోపీ కాగితంలో గాడులు, తేలికపాటి వలయాలు అని రాశారు. ఒక్క సంగతి చెప్పడం మరిచాను. ముక్క అడ్డుపడిన రోజుల్లో మా తమ్ముడు పాంటోప్రజోల్ వాడుతూనే ఉన్నాడు, అయితే రోజూ కాదు, మంట అనిపించిన రోజున మాత్రమే. దీనివల్ల నివేదిక మారుతుందా?

జవాబు: గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యుడు

మారదు గానీ, దాని అర్థం కొంత మారుతుంది, కాబట్టి ఈ మాట మీ వైద్యురాలికి తప్పక చెప్పండి.

ఈ మాత్రల చుట్టూ చాలా గందరగోళం ఉండేది. 2018కి ముందు నియమం ఏమిటంటే, బయాప్సీలో ఇసినోఫిల్స్ కనబడితే ఆమ్లం తగ్గించే మాత్రలు సుమారు ఎనిమిది వారాలు వాడించి, మళ్లీ బయాప్సీ తీసి, అప్పటికీ తగ్గకపోతేనే ఇసినోఫిలిక్ ఈసోఫేజైటిస్ అని పేరు పెట్టాలి. మాత్రలతో తగ్గినవారిని వేరే వర్గంగా చూసేవారు. కానీ ఆ రెండు వర్గాల వారి లక్షణాలు, బయాప్సీ, జన్యువుల పనితీరు అన్నీ ఒకేలా ఉన్నాయని క్రమంగా తేలింది. ఈ మాత్రలు ఆమ్లాన్ని తగ్గించడమే కాకుండా, ఇసినోఫిల్స్‌ను అన్నవాహిక వైపు పిలిచే ఇయోటాక్సిన్-3 అనే పదార్థం తయారీని కూడా తగ్గిస్తాయని ప్రయోగశాలల్లో చూపారు. దాంతో 2018లో వెలువడిన అంతర్జాతీయ ఏకాభిప్రాయం ఆ పరీక్షా కాలాన్ని నిర్ధారణ నుంచి తొలగించింది. ఇప్పుడు ఆ మాత్రలు జబ్బుకు ఇచ్చే చికిత్సల్లో ఒకటి. మీ తమ్ముడికి ఎక్కువ మోతాదులో రాయడానికి కారణం అదే, ఎసిడిటీ అని కాదు. వాడినవారిలో సుమారు సగం మందికి, కొన్ని లెక్కల్లో అంతకు కొంచెం తక్కువ మందికి, బయాప్సీలో కూడా జబ్బు అదుపులోకి వస్తుంది.

దీనికి రెండో వైపు ఉంది. ఈ మాత్రలు క్రమం తప్పకుండా వాడుతున్న మనిషికి ఎండోస్కోపీ చేస్తే, జబ్బు ఉన్నా బయాప్సీ శుభ్రంగా రావచ్చు. కాబట్టి అనుమానం బలంగా ఉన్నప్పుడు, వీలైతే కొన్ని వారాలు మాత్రలు ఆపి మొదటి ఎండోస్కోపీ చేయడం మేలు. మీ తమ్ముడు అప్పుడప్పుడు మాత్రమే వేసుకున్నాడు కాబట్టి, మాత్రలు పని చేయలేదని ఇప్పుడే తేల్చడం తొందరపాటు. చెప్పిన మోతాదులో, చెప్పినన్ని వారాలు వాడిన తరువాతే ఆ మాట అనవచ్చు.

రక్తపరీక్ష గురించి అడిగారు. ఈ జబ్బులో రక్తంలో ఇసినోఫిల్స్ పెరిగితే స్వల్పంగానే పెరుగుతాయి, చాలామందిలో పెరగవు కూడా. కణాలు రక్తంలో ప్రయాణించి అన్నవాహికకు చేరి అక్కడ పోగుపడతాయి; దారిలో లెక్కపెడితే గమ్యంలో ఎన్ని ఉన్నాయో తెలియదు. అలాగే చర్మం మీద గుచ్చి చేసే ఎలర్జీ పరీక్షలు, రక్తంలో ఐజీఈ (ఎలర్జీలో పాల్గొనే ఒక ప్రతిరక్షక ప్రోటీన్) పరీక్షలు ఈ జబ్బును నిర్ధారించవు, ఏ ఆహారం రగిలిస్తోందో కూడా నమ్మకంగా చెప్పలేవు, ఎందుకంటే తిన్న నిమిషాల్లో దద్దుర్లు తెచ్చే ఐజీఈ ఎలర్జీ దారి వేరు, ఇది నెమ్మదిగా నడిచే దారి వేరు. ఎలర్జీ పరీక్షల పెద్ద జాబితా పట్టుకుని, అందులో ఉన్నవన్నీ మానేసి చిక్కిపోయిన మనుషులను చూసినప్పుడు నిజంగా బాధ కలుగుతుంది. ఆహారం ద్వారా చికిత్స చేయదలచుకుంటే, ఎక్కువగా కారణమయ్యే పాలు, గోధుమ, గుడ్డు, సోయా, వేరుశనగ, జీడిపప్పు, బాదం వంటి గింజలు, చేపలు వంటి వాటిని ఒక పద్ధతి ప్రకారం మానిపించి, బయాప్సీ చూసి, ఒక్కొక్కటిగా తిరిగి చేర్చడమే మార్గం. పాలు ఒక్కటే మానేసినవారినీ ఆరు రకాలూ మానేసినవారినీ పోల్చిన 2023 నాటి అధ్యయనంలో, బయాప్సీ శుభ్రపడినవారు వరుసగా 34 శాతం, 40 శాతం. ఆ తేడా చెప్పుకోదగినది కాదని తేలింది. అందువల్ల తక్కువతో మొదలుపెట్టడం ఇప్పుడు సమంజసంగా కనిపిస్తోంది.

జవాబు: పిల్లల గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యురాలు

ఈ చర్చ చదువుతున్న తల్లిదండ్రుల కోసం ఒక మాట చేరుస్తాను. ముద్ద ఆగిపోతోందని చెప్పగలిగేది పెద్దపిల్లలు, పెద్దవారు మాత్రమే. చిన్నపిల్లల్లో ఈ జబ్బు వాంతులుగా, పొట్టనొప్పిగా, తిండి దగ్గర మారాంగా, బరువు పెరగకపోవడంగా కనిపిస్తుంది. ముద్దను బుగ్గన పెట్టుకుని చాలాసేపు మింగకపోవడం, గుజ్జుగా ఉన్నవే తిని గట్టివి తోసేయడం, వయసుకు తగిన పదార్థాలకు మారకపోవడం గమనిస్తే, అది పిల్లవాడి మొండితనం అని తీర్మానించే ముందు వైద్యులతో మాట్లాడండి. భోజనం దగ్గర పిల్లలను దండించడం వల్ల జబ్బు ఆలస్యంగా బయటపడటం తప్ప మరే ప్రయోజనమూ ఉండదు.

ఆమ్లం మందులకు లొంగని పదిమంది పిల్లలకు అమైనో ఆమ్లాలతో తయారైన ప్రత్యేక ఆహారం మాత్రమే ఇస్తే ఎనిమిది మందికి లక్షణాలు పూర్తిగా పోయాయని, మిగిలిన ఇద్దరికి తగ్గాయని 1995లో ఒక బృందం ప్రచురించింది. ఆహారంలోని ప్రోటీన్లే ఈ జబ్బును రగిలిస్తాయన్న అవగాహనకు బలమైన పునాది అక్కడ పడింది. నిర్ధారణ నియమాలు మాత్రం పిల్లలకూ పెద్దలకూ ఒకటే: లక్షణాలు, బయాప్సీలో 15 లేదా అంతకు మించి, ఇతర కారణాలు లేకపోవడం. పిల్లల్లో వలయాలు, ఇరుకు తక్కువ, వాపు, గాడులు, తెల్లచుక్కలు ఎక్కువ, ఎందుకంటే గోడ గట్టిపడటానికి కాలం పడుతుంది. మత్తుమందు పదేపదే ఇవ్వడం గురించి తల్లిదండ్రులు భయపడటం సహజం. కొన్ని కేంద్రాల్లో కాస్త పెద్దపిల్లలకు ముక్కు ద్వారా సన్నని ఎండోస్కోపును పంపి, మత్తు లేకుండానే బయాప్సీ తీస్తున్నారు.

ప్రశ్న అడిగినవారు

అమ్మా, మీకు కూడా ధన్యవాదాలు. చివరిగా ఒక్కటి. మాత్రలు మొదలుపెట్టాక మా తమ్ముడికి హాయిగా ఉంది, ముద్ద ఆగడం లేదంటున్నాడు. అయినా మళ్లీ ఎండోస్కోపీ చేయించుకోమన్నారు. బాగున్న మనిషికి అది అవసరమా అని అతను అడుగుతున్నాడు.

జవాబు: గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యుడు

అవసరమే. ఈ జబ్బులో లక్షణాలూ వాపూ కలిసి నడవవు. నెమ్మదిగా, నీళ్లతో, చిన్న ముక్కలుగా తినడం అలవాటైన మనిషి బాగున్నానని అంటాడు, లోపల ఇసినోఫిల్స్ మాత్రం మునుపటిలాగే ఉండవచ్చు. దీనికి విరుద్ధంగా, వాపు పూర్తిగా తగ్గినా ఇరుకు మిగిలిపోవడం వల్ల ముద్ద ఆగుతూనే ఉండవచ్చు. అప్పుడు మందు మార్చడం కాదు, అన్నవాహికను వెడల్పు చేయడం గురించి ఆలోచించాలి. ఏది ఏమిటో బయట నుంచి చెప్పే రక్తపరీక్ష ఇంతవరకు వైద్యుల చేతిలో లేదు. అందుకే చికిత్స మొదలుపెట్టిన లేదా మార్చిన 8 నుంచి 12 వారాల తరువాత మళ్లీ ఎండోస్కోపీ చేసి, ముందు తీసినట్లే రెండు ఎత్తుల నుంచి బయాప్సీ తీస్తాం. 15 కంటే తక్కువ వస్తే మందు పనిచేస్తున్నట్లు. రాకపోతే, మింగే స్టెరాయిడ్ మందులు, ఆహార మార్పు, డుపిలుమాబ్ వంటి ఇంజెక్షన్లు ఉన్నాయి.

వాపును అలా వదిలేస్తే ఏమవుతుందో స్విట్జర్లాండ్ రోగులపై 2013లో ప్రచురించిన పరిశీలన స్పష్టంగా చూపింది. లక్షణాలు మొదలైన రెండేళ్లలోపు జబ్బు పట్టుబడినవారిలో సుమారు 17 శాతం మందికి ఇరుకు ఉంటే, 20 ఏళ్లు దాటాక పట్టుబడినవారిలో సుమారు 71 శాతం మందికి ఉంది. ఆ అధ్యయనంలో నిర్ధారణకు పట్టిన మధ్యస్థ కాలం ఆరేళ్లు. మీ తమ్ముడి వయసులో, తేలికపాటి వలయాల దశలోనే బయటపడటం అతనికి దొరికిన మంచి అవకాశం, దాన్ని జారవిడవనీయకండి.

ఎండోస్కోపీకి వెళ్లేటప్పుడు పాత నివేదికలు రెండూ తీసుకువెళ్లండి, మాత్రలు ఎన్ని రోజులు మానకుండా వేసుకున్నాడో నిజాయితీగా చెప్పమనండి. ఈలోగా మళ్లీ ఎప్పుడైనా ముక్క అడ్డుపడి ఉమ్మి కూడా మింగలేకపోతే, నీళ్లు తాగి దాన్ని తోసే ప్రయత్నం చేయకుండా, వేలు పెట్టి వాంతి చేసుకోకుండా, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ఈ జబ్బులో అన్నవాహిక గోడ పెళుసుగా ఉంటుంది. బలవంతపు వాంతితో అది చిరిగే ప్రమాదం ఉంది.